పుష్యం వెళ్ళిన మూడు రోజులకు

2023 నవంబరు 6, సోమవారం, ఉదయం పది గంటల ముప్పై నాలుగు నిమిషాలకు మా వసారా మూడో స్తంభం మీద ఎర్ర రంగు పడింది. సోమవారాలు ఆ వేళకు నేను గోడ గడియారానికి కీ ఇస్తాను కనుక నిమిషంతో సహా చెప్పగలను. కీ సగంలో ఉండగా బయటినుంచి వదిన గొంతు వినబడింది.

"ఎవులు బాబూ మీరు? స్తంబానికి ఆ రంగేటి?"

నేను వెళ్ళేసరికి ముగ్గురున్నారు. ఇద్దరు టేపు పట్టుకున్నవాళ్ళు. మూడో అతను రోడ్ల ఆఫీసు ఇంజనీరు, ముప్పై ఏళ్ళు దాటని ఒడియా అబ్బాయి. బరంపురం నుంచి దిగపహండి పోయే రోడ్డును వెడల్పు చేస్తున్నారని, రోడ్డు మధ్యనుంచి అటు నలభై, ఇటు నలభై అడుగులు కావాలని ఒడియాలో చెప్పాడు. చెప్పేటప్పుడు మా ముఖాల వైపు కాక స్తంభం వైపే చూస్తున్నాడు. అప్పటికి ఎన్ని ఇళ్ళ ముందు ఆ మాట చెప్పి వచ్చాడో.

"టేపు ఒకసారి ఇలా ఇవ్వు బాబూ" అన్నాను.

రోడ్డు మధ్యలో వాళ్ళు సుద్దతో గీసిన గీత దగ్గర ఒకణ్ణి కూర్చోబెట్టి, బళ్ళు ఆగినప్పుడు నేనే చదివాను. స్తంభం మీది రంగు ఇల్లు తెలియడానికట. వసారా నేల మీద వేసిన హద్దు గుర్తు నలభై అడుగుల దగ్గర కాదు, నలభై అడుగుల మూడు అంగుళాల దగ్గర ఉంది. "మూడు అంగుళాలు ఎక్కువ తీసుకున్నావు" అన్నాను. అతను మళ్ళీ కొలిచాడు. పాత గుర్తు మీద గీటు పెట్టి, మూడు అంగుళాలు రోడ్డు వైపుకు కొత్త గుర్తు వేయించాడు.

"మావుసీ, మీరు ఏ ఆఫీసులో చేసేవారు?"

"బడిలో. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను."

"అనుకున్నాను" అన్నాడు. పిన్నమ్మను ఒడియాలో మావుసీ అంటారు. ఆ రోజునుంచీ అతను నన్ను అలాగే పిలిచాడు. ఈ కథలో అతని తప్పు లేదు. ముందే చెప్పడం మంచిది.

మా ఇల్లు, ఊరు అయిపోయిందనీ ఇంకా ఉందనీ చెప్పలేని చోట ఉంది. ఒక పక్క టైర్ల దుకాణం, ఒక పక్క ప్రైవేటు కాలేజీ హాస్టలు. ఒకరోజు పొద్దున్న ఎనిమిదినుంచి తొమ్మిదివరకు కూర్చుని లెక్కపెడితే సైకిళ్ళు కాక పదకొండు వందల నలభై ఎనిమిది బళ్ళు వెళ్ళాయి. వసారా పొడవు ముప్పై ఒక్క అడుగులు, వెడల్పు పదకొండు. ఆరు టేకు స్తంభాలు. పైన బంగళా పెంకు, వరసకు నలభై ఒకటి చొప్పున పన్నెండు వరసలు, మొత్తం నాలుగు వందల తొంభై రెండు. ఆ పదకొండు అడుగుల్లో తొమ్మిది ఇప్పుడు రోడ్డువి.

ఆ వసారాలో మా వదిన అప్పడాలు ఒత్తించేది. అన్నయ్య పోయిన ఏడాది, 1997 ఆగస్టులో, ఒక పీటతో తనే మొదలుపెట్టింది. ఈ గుర్తు పడిన నాటికి ఐదు పీటలు. ఐదుగురు ఆడవాళ్ళు వెనక వీధులనుంచి తొమ్మిదింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి వెళ్ళేవారు. ముగ్గురు ఒడియావాళ్ళు, ఇద్దరు తెలుగువాళ్ళు. బరంపురంలో అప్పడాలు ఒత్తే ఇళ్ళు చాలా ఉన్నాయి. మా వదిన అప్పడం వంకర పోదని పేరు. దానికి కారణం ఆవిడ చెయ్యి ఒక్కటే కాదు. మినప అప్పడం ఒత్తగానే ఎండలో వేస్తే అంచులు లేస్తాయి. ముందు రెండు గంటలు నీడలో, గాలి తగిలేలా ఆరాలి. పెంకు కింద నీడ చల్లగా ఉంటుంది. రేకు కింద కూర్చుంటే ఒత్తకముందే ఉండ పైన పొరకడుతుంది. అంటే ఆ పని జరగడానికి వసారా కావాలి, వసారాకు పెంకు కావాలి.

ఆ మధ్యాహ్నమే వదిన నిర్ణయం చేసేసింది. ఆవిడకు అప్పుడు డెబ్బై ఏడు, నాకు డెబ్బై మూడు. నన్ను ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తుంది.

"పోయేది ఎలాగూ పోద్ది అమ్మాయ్. ఏడుత్తూ కూకుంటే ఆగుద్దేటి? మనమే దింపుకుందాం. పెంకులూ స్తంబాలూ ఇరక్కుండా దింపితే ఎనక దొడ్లో ఇదే వసారా మళ్ళీ నిలబెట్టొచ్చు."

మేస్త్రి వచ్చి చూశాడు. నలుగురు మనుషులతో రెండు రోజుల్లో ఒక్క పెంకు పగలకుండా దింపుతానన్నాడు. అదే జేసీబీ వచ్చి లాగితే అరగంట పని, ఆ తరువాత ఏరుకోవడానికి ముక్కలే. మేము ముందు చెయ్యి వేస్తామా, యంత్రం వేస్తుందా అన్నదాని మీద వదిన పని ఉండడం, పోవడం ఆధారపడింది.

వాళ్ళు ఇచ్చి వెళ్ళిన నోటీసులో ఆ వీలు ఉంది. సొంతంగా తీసుకునేవాళ్ళు ఎప్పుడు తీసుకుంటారో ఆఫీసుకు రాసి ఇవ్వాలి. మా వైపు పని జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో మొదలవుతుందన్నారు. డిసెంబరులో దింపేద్దామంటే వదిన ఒప్పుకోలేదు. చలికాలం పొడిగాలి, ఏడాదిలో మంచి అప్పడాలు వచ్చే రోజులు. ఆ తరువాత పుష్యమాసం, శూన్యమాసం. అందులో ఇంటి మీద పలుగు పెట్టకూడదు. పుష్యం వెళ్ళగానే మొదటి మూడు రోజుల్లో పంతులుగారు ఏ రోజు చెబితే ఆ రోజు మొదలుపెట్టాలని అనుకున్నాం.

డిసెంబరు 4, సోమవారం, నేను ఆటోలో ఆఫీసుకు వెళ్ళాను. ఆ అబ్బాయి కుర్చీ వేయించాడు.

"తేదీ ఎప్పుడు మావుసీ?"

"పంతులుగారు ఇంకా చెప్పలేదు బాబూ. పౌషమాసం అయిన మూడు రోజుల్లో మేమే తీసేసుకుంటాం."

"అదే రాసివ్వండి, చాలు. పౌషంలో మా అమ్మ గోడకు మేకు కూడా కొట్టనివ్వదు."

అతని బల్ల మీదే కూర్చుని ఒడియాలో రాశాను. పుష్యాన్ని వాళ్ళు పౌషమంటారు. పౌషమాసం పూర్తి అయిన మూడు రోజుల లోపల మా వసారాను మేమే తొలగించుకుంటాము. పైన ఆనాటి తేదీ వేశాను, కింద సంతకం పెట్టాను. అతను చదివి, సంతోషంగా ఫైలులో పెట్టాడు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత ప్రతి పేజీలో తేదీ వేయించినదాన్ని, వేయవలసిన తేదీ ఒక్కటీ వేయకుండా లేచి వచ్చాను.

డిసెంబరు 11న అవతలి వైపు తవ్వకం మొదలైంది. ఉన్న రోడ్డులో సగం మూసేశారు. మిగిలిన సగంలో ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి బళ్ళను వదలాలి. మా ఇంటి ముందు ఒక జెండా మనిషిని నిలబెట్టారు. నలభై ఐదేళ్ళుంటాయి, ఇచ్ఛాపురం దగ్గర పల్లె. ఒక చేతిలో ఎర్రజెండా, ఒక చేతిలో పచ్చజెండా, నోట్లో ఈల. రెండో జెండా మనిషి అరకిలోమీటరు అవతల మలుపు దాటి ఉంటాడు. ఒకరికొకరు కనబడరు. అందుకని వీళ్ళ పద్ధతి ఏమిటంటే, ఇటునుంచి వదిలిన ఆఖరి బండివాడి చేతికి ఎర్ర రంగు వేసిన కర్ర ఒకటి ఇస్తారు. కర్ర అటు చేరితే ఇక ఇటునుంచి బళ్ళు రావని అర్థం. అప్పుడు వాళ్ళు వదులుతారు, వాళ్ళ ఆఖరి బండితో కర్ర తిరిగి వస్తుంది.

ఏడు నిమిషాలు ఇటు, ఏడు నిమిషాలు అటు అని కాగితంలో ఉందట. నేను ఇరవై రోజులు చూశాను. ఏడు నిమిషాలు ఎప్పుడూ కాలేదు. తక్కువలో తక్కువ తొమ్మిది, ఎక్కువలో ఎక్కువ ఇరవై రెండు. ఆగిన బళ్ళన్నీ మా వసారా ముందే ఆగేవి. హారన్ల మధ్య మాట వినబడక వదినా వాళ్ళూ సైగలతో అప్పడాలు ఒత్తేవారు. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు చల్లాలి, పొద్దున్న ఆరింటికి, పదకొండింటికి, మూడింటికి. పదకొండింటి ట్యాంకరు సగం రోజులు రాలేదు. వచ్చిన రోజు బురద, రాని రోజు దుమ్ము. వసారా అంచున పాత చీరలు తెరలుగా కట్టాం. సాయంత్రం దులిపితే ఒక్కో చీరలోంచి గుప్పెడు మన్ను రాలేది.

డిసెంబరు 21న దిగపహండి పోయే ఆటోవాడొకడు కర్ర అటు ఇవ్వడం మరిచిపోయి, దాంతోనే వెళ్ళిపోయాడు. రెండువైపులా బళ్ళు నిలిచిపోయాయి. జెండా మనిషి మా వసారాలోకి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఓ కర్ర ఉంటే ఇప్పించండి. ఆ ఆటోవోడు కర్రట్టుకుని పెళ్ళికెల్లినట్టు ఎల్లిపోనాడు."

వదిన తన చేతిలో ఉన్న అప్పడాల కర్ర ఇచ్చింది. "జాగర్త బాబూ. దాంతో ఎవుడినీ కొట్టకు, అప్పడానికి సొట్టలు పడతాయి."

మూడు రోజులపాటు దిగపహండి రోడ్డు మీది బస్సులూ లారీలూ మా వదిన అప్పడాల కర్ర ఆజ్ఞ మీద నడిచాయి. ఒడియావాళ్ళలో పెద్దావిడ, తెలుగు బాగా వచ్చినావిడ, "అమ్మగారి సేతి కింద ఐదుగురమే అనుకున్నాను, ఊరంతా ఉంది" అంది. నాలుగో రోజు కొత్త కర్ర వచ్చింది, వదినది కడిగి తిరిగి ఇచ్చాడు. ఆ రెండు నెలల్లో మేము నవ్వినట్టు నాకు గుర్తున్నది అదొక్కసారే. మిగతా అంతా అలసటే. పగలు పనివల్ల కాదు, ఆగి ఉన్న బళ్ళను చూస్తూ కూర్చోవడంవల్ల. తమ వంతు కోసం చూసే మనుషుల ముఖాలు రోజూ చూస్తే మనకు కూడా ఎక్కడికో వెళ్ళాలనీ, వెళ్ళలేకపోతున్నామనీ అనిపిస్తుంది.

2024 జనవరి 29, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి జేసీబీ మా వరసకు వచ్చింది. ఇద్దరు పోలీసులు, వెనక ఆ అబ్బాయి. ఐదు పీటలూ అప్పుడే వేశారు, వదిన పిండికి నూనె రాస్తోంది.

"మావుసీ, ఇంకా దింపలేదా?" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపడ్డాడు.

"ఇంకా పన్నెండు రోజులుంది కదా బాబూ."

అతను ఫోను తీసి నా ఉత్తరం ఫొటో చూపించాడు. నా అక్షరాలు, నా సంతకం. "మొన్న గురువారం పౌష పూర్ణిమ. దాంతో పౌషం అయింది. శుక్రవారం, శనివారం, ఆదివారం మూడు రోజులూ ఆగాను. మా అమ్మను కూడా అడిగాను. పాంజి చూసి చెప్పింది."

పాంజి అంటే వాళ్ళ పంచాంగం. వాళ్ళ నెల పున్నమితో అయిపోతుంది. మా నెల అమావాస్యతో. మా పుష్యం ఫిబ్రవరి 9 దాకా ఉంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. దీపావళి వెళ్ళాక మేము కార్తీకం మొదలుపెట్టేసరికి మా వీధిలో ఒడియా ఇళ్ళవాళ్ళు చేపలు మానేసి పదిహేను రోజులై ఉంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నాను. మా ఐదుగురు ఆడవాళ్ళకు ఉపవాసాలు వేరువేరు రోజుల్లో వస్తాయని అందుకు తగ్గట్టు సెలవులు రాసి పెట్టేది నేనే. ఒడియా ఆఫీసులో ఒడియా భాషలో ఉత్తరం రాస్తూ మాత్రం మనసులో మా పంచాంగమే ఉంచుకున్నాను. అతను అతని పంచాంగంలో చదువుకున్నాడు. ఇద్దరం మాట తప్పలేదు.

నేను చెప్పాను. అతనికి వెంటనే అర్థమైంది. ఫోనులో ఉత్తరాన్ని మళ్ళీ పైనుంచి కిందదాకా జరిపి చూశాడు.

"తేదీ వేయలేదు కదా మావుసీ మీరు" అన్నాడు మెల్లగా.

"వేయలేదు."

పన్నెండు రోజులు ఆపగలవా అని అడిగాను. కాదన్నాడు. ఆ ఒక్కరోజు ఒంటిగంట దాకా లారీలను వేరే దారిలో పంపడానికి పోలీసులతో మాట్లాడి ఉంచారు. ఆ వరసలో ఐదు ఇళ్ళ ముందు భాగాలు ఆ లోపలే పోవాలి, మట్టి ఎత్తాలి. మళ్ళీ అలాంటి పూట ఎప్పుడు దొరుకుతుందో అతనికీ తెలియదు. "మీ ఇల్లు ఆఖరున పెట్టుకుంటాను. పదకొండు దాకా టైముంది. ఎంత దింపుకోగలిగితే అంత దింపుకోండి."

మేస్త్రికి ఫోను చేస్తే గోపాలపూర్ వైపు పనిలో ఉన్నానని, సంగతి వినకుండానే పెట్టేశాడు. నేను వదిన దగ్గరకు వెళ్ళాను. ఆవిడ అంతా విన్నది.

"రండి, మనమే తీద్దాం" అన్నాను.

"నేను సెయ్యెయ్యను."

"వదినా, మనం వేయకపోతే అది వేస్తుంది."

"అదెయ్యనీ. అది మిషను. దానికి పుష్యం లేదు. నేను కాపరానికొచ్చిన ఇంటిని పుష్యంలో నా సేత్తో ఇప్పలేనమ్మాయ్. నువ్వూ ముట్టుకోకు."

తెలుగువాళ్ళిద్దరూ పీటల దగ్గరే నిలబడ్డారు. వాళ్ళకూ పుష్యమే. అప్పుడు ఒడియా పెద్దావిడ చేతుల పిండి దులుపుకుంది.

"మాకు మాఘం వచ్చేసింది అమ్మగారూ. నాలుగు రోజులైంది. మేము తియ్యొచ్చా?"

వదిన ఆవిడ వైపు చూసింది. చాలాసేపు చూసింది, నా గడియారంలో నిమిషం పైనే. "మీ మాఘం మీది" అంది. "తియ్యండి."

నిచ్చెన వేశారు. పెంకులు పై వరసనుంచి తీయాలి. పైకి ఎక్కే మనిషి కావాలి. ముగ్గురూ ఎక్కలేని వయసువాళ్ళు. రోడ్డు మీద జెండా మనిషి చూస్తున్నాడు.

"నానెక్కుతాను తల్లీ" అన్నాడు.

"నీకూ పుష్యమే కదరా బాబూ" అంది వదిన.

"మాది ఆంధ్రా పంచాంగమేనమ్మా. జీతం మాత్రం ఒరిస్సా పంచాంగం పెకారం వస్తాది. డూటీలో ఉన్నంతసేపూ నాకు మాఘమే." చేతిలో రెండు జెండాలూ నాకిచ్చాడు. "మీరు టైం సూసుకోండి టీచరమ్మా. అదైతే ఇంటిని ముట్టుకున్నట్టు కాదు."

అలా నేను రోడ్డు మీద నిలబడ్డాను. లారీలు లేకపోయినా బస్సులు, కార్లు, ఆటోలు ఒక్క సగంలోనే నడవాలి. నేను సరిగ్గా ఏడు నిమిషాలు పాటించాను. ఎర్రజెండా ఎత్తి పట్టుకుంటే మొదట పది నిమిషాలకే భుజం లాగింది. అక్కడినుంచి మోచెయ్యి నడుముకు ఆనించి పట్టుకున్నాను. ఒక బస్సు కండక్టరు తల బయటపెట్టి, "మగోళ్ళంతా సచ్చిపోనారేటి, ముసలమ్మని ఎట్టినారు?" అన్నాడు. వెనక సీట్లోంచి ఎవరో, "ఊరుకోరా, నాకు ఎక్కాలు సెప్పిన మాస్టరమ్మ, దిగొచ్చి సెవి మెలేస్తాది" అన్నారు. తిరిగి చూస్తే ఎవరో పోల్చలేకపోయాను. ఆ కర్ర చేతినుంచి చేతికి పదమూడుసార్లు మారింది. రోడ్డు అంత క్రమంగా నడవడం ఆ రెండు నెలల్లో నేను చూడలేదు. అవతలి జెండా మనిషి ఒక ఆటోవాడితో కబురు పంపించాడు, ఇవాళ డూటీలో ఎవరున్నారని.

నా వెనక పెంకులు దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పైన అతను, నిచ్చెన మీద ఒకావిడ, కింద ఇద్దరు. టక్, టక్. ప్రతి ఏడు నిమిషాలకూ వెనక్కు చూసి లెక్కపెట్టాను. పదీ ముప్పావుకు ఐదు వరసలు పూర్తయ్యాయి. పై బరువు తగ్గింది కనుక రెండు కొసలా ఉన్న స్తంభాలను ఊడదీసి పక్కన పడుకోబెట్టారు, దూలం మధ్య నాలుగింటి మీద నిలిచింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని. ఒక పెంకు కిందావిడ చేతిలోంచి జారబోతే వదిన కొంగులోంచి చేతులు సగం బయటకు వచ్చాయి. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాయి.

పదకొండయింది. ఆ అబ్బాయి నాలుగిళ్ళ అవతల ఫోనులో మాట్లాడుతున్నాడు. అతను మా వైపు చూడలేదు. నేనే పిలిచాను.

"బాబూ, పదకొండయింది" అన్నాను.

ఎందుకు పిలిచానో అప్పుడు ఆలోచించలేదు. పదకొండు అని ఒప్పుకున్నాం, పదకొండయింది. అతను తలెత్తి, ఫోను ఆపి, యంత్రంవాడికి చెయ్యి ఊపాడు. జెండా మనిషి దిగాడు. ఆడవాళ్ళు నిచ్చెన తీసేశారు. ఆరో వరసలో ముప్పై ఒక్క పెంకులు వచ్చాయి. మొత్తం రెండు వందల ముప్పై ఆరు.

ఆ తరువాత యంత్రంవాడు టీ తాగాడు. ఒక కారును జరిపించారు. యంత్రం మా వసారా మీద చెయ్యి వేసేసరికి పదకొండూ ఇరవై. పన్నెండు కావడానికి ఎనిమిది నిమిషాలుండగా అంతా అయిపోయింది. దూలం లాగినప్పుడు ముందు గోడ కిటికీ మూలనుంచి చూరుదాకా బీటలు వారింది. ఆ అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. నేను జెండా మనిషికి జెండాలు తిరిగి ఇచ్చాను.

మర్నాడు కాఫీ కలుపుతూ వదిన అంది.

"ఆ అబ్బాయి టైం సూసుకోలేదమ్మాయ్. నువ్వెందుకు సెప్పేవు?"

వంద నిమిషాలకు రెండు వందల ముప్పై ఆరు పెంకులు. ఇరవై నిమిషాలకు నలభై ఏడు. ఆ లెక్క నేను అప్పటికే చేసి ఉన్నాను, కానీ ఆవిడకు చెప్పలేదు.

ఫిబ్రవరి 10, శనివారం, మాఘ శుద్ధ పాడ్యమి. పంతులుగారు చెప్పిన రోజు. వసారా పోయిందని చెప్పడం మరిచిపోయాం, ఉదయం ఆరున్నరకు మేస్త్రి నలుగురు మనుషులతో, పలుగులతో వచ్చి మా ఇంటి ముందు ఆగాడు. వసారా ఉన్నచోట కంకర కుప్ప ఉంది. వాళ్ళను వెనక దొడ్లోకి తీసుకెళ్ళాం. దింపిన పెంకుల్లో ఏడు పగుళ్ళు తేలాయి, రెండు వందల ఇరవై తొమ్మిది పనికొచ్చాయి. వాటితో పద్నాలుగు అడుగులు కప్పగలిగారు. మిగతాది రేకు వేశారు. పెంకు కింద రెండు పీటలు, ఆరబెట్టడానికి కాస్త చోటు. రేకు కింద మార్చినుంచే ఎవరూ కూర్చోలేకపోయారు. ఒడియావాళ్ళలో పెద్దావిడ, తెలుగువాళ్ళలో ఒకామె మిగిలారు. ఒకామె హాస్టలు వంటింట్లో చేరింది, ఒకామె బట్టల దుకాణంలో, ఒకామె భంజనగర్‌లో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయింది.

అప్పటికి మా వైపు తవ్వకం జోరుగా ఉంది. వసారా లేదు కనుక దుమ్ము ఇంటి పక్క సందులోంచి తిన్నగా దొడ్లోకి వచ్చేది. మే నెలలో ఒక దుకాణం నుంచి ఒక డబ్బా తిరిగి వచ్చింది. వదిన అందులోంచి ఒక అప్పడం వేయించి, కొరికి, పళ్ళ మధ్య కాసేపు ఆడించింది.

"ఇసకే" అంది.

నేనూ కొరికాను. ఇసకే.

"ఇంక సాలమ్మాయ్. ఇసక తినిపించీ యాపారం నేను సెయ్యలేను."

2024 మే 31, శుక్రవారం, ఆఖరి పిండి కలిపింది. మిగిలిన ఇద్దరికీ చెరో పీటా, చెరో కర్రా ఇచ్చి పంపించింది. పెద్దావిడ తీసుకోనంది. వదిన చేతిలో పెట్టింది.

ఇప్పుడు రోడ్డు బాగుంది. నాలుగు వరసలు, మధ్యలో దిమ్మ. దిగపహండి బస్సుకు పద్నాలుగు నిమిషాలు కలిసొచ్చిందని నేనే రెండుసార్లు ఎక్కి చూసుకున్నాను. మిగిలిన రెండు అడుగుల వసారా మీద వదిన సాయంత్రాలు కుర్చీ వేసుకుంటుంది. కాళ్ళు చాపుకుంటే రోడ్డులో ఉంటాయి, అందుకని ముడుచుకుని కూర్చుంటుంది.

పోయినవి ఇవి. వసారాలో తొమ్మిది అడుగుల వెడల్పు, ముప్పై ఒక్క అడుగుల పొడవునా. టేకు స్తంభాలు ఆరింటిలో నాలుగు. దూలం. పెంకులు రెండు వందల అరవై మూడు. నేను ఊరుకుని ఉంటే వాటిలో నలభై ఏడు దక్కేవి. ముందు గోడలో కిటికీనుంచి చూరుదాకా ఒక బీట, ఏడు అడుగుల రెండు అంగుళాలు. ఐదుగురికి పని. మా వదినకు ఇరవై ఆరేళ్ళ తొమ్మిది నెలల పని.